ఒక్క వేలితో బ్రౌజర్

2005లో భూపాలపల్లి ఇంకా జిల్లా కాలేదు. మెయిన్ రోడ్డు మీద, గనుల కాలనీకి మలుపు తిరిగే చోట, ఒక షట్టరు గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని ఇంటర్నెట్ సెంటర్ నడిపేదాన్ని. బోర్డు మీద వేరే పేరున్నా అందరూ ‘సునీతక్క సెంటర్’ అనే పిలిచేవాళ్లు. పరీక్షల ఫలితాలు చూసుకునేవాళ్లు, ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేవాళ్లు, ఈమెయిల్ అంటే ఏమిటో ఒకసారి చూసి పోదామనుకునేవాళ్లు వచ్చేవారు.

అప్పటి నెట్ గురించి ఈ కాలం వాళ్లకు కొంచెం చెప్పాలి. మాది టెలిఫోన్ తీగ మీద నడిచే డయలప్ కనెక్షన్. ఒక పేజీ తెరుచుకునేలోపు ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగి రావచ్చు. అందుకని బ్రౌజర్ వాడటంలో కొన్ని ఒడుపులు నేర్చుకున్నాను. బ్రౌజర్ అంటే వెబ్ పేజీలు చూపించే ప్రోగ్రామ్. దాని సెట్టింగుల్లో బొమ్మలు రాకుండా ఆపేస్తే అక్షరాలు మాత్రం గబగబా వచ్చేవి. అడ్రస్ అంతా కొట్టక్కర్లేకుండా మధ్యలోని పేరు కొట్టి కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే ముందు మూడు డబ్ల్యూలు, వెనక డాట్ కామ్ అదే చేర్చుకునేది. కావలసింది కనిపించగానే ఎస్కేప్ నొక్కితే మిగతా పేజీ దిగడం ఆగిపోయేది. ఇవన్నీ టైమ్ కలిసిరావడానికే అనుకునేదాన్ని. స్వరూప వచ్చేదాకా వీటితో ఇంకో పని ఉంటుందని తోచలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున ఇద్దరు భార్యాభర్తలు వచ్చారు. మొగుళ్లపల్లి దగ్గరి పల్లె వాళ్లది. భర్త పేరు మల్లేశ్, ఆమె పేరు స్వరూప.

“అక్కా, నెట్ నేర్పుతవా?” అని అడిగాడు.

“నేర్పుత. ఎవరికి, నీకా?”

“నాకు గాదు. మా ఇంటామెకు.”

ఆమె కొంగు చాటు నుంచి చేతులు బయటికి తీసింది. కుడి చేయి మోచేతి కింద లేదు. ఎడమ చేతి వేళ్లు కాలి, మానిన తర్వాత లోపలికి ముడుచుకుపోయాయి. చూపుడు వేలు ఒక్కటే తిన్నగా ఉంది.

“బాయికాడ మోటరు పెట్టపోయిన. స్టార్టరు తడిసి ఉండె. కరెంటు పట్టుకున్నది,” అంది. వేరే ఎవరికో జరిగినట్టు చెప్పింది.

వచ్చిన పని మల్లేశ్ చెప్పాడు. ఒక స్వచ్ఛంద సంస్థ మొగుళ్లపల్లిలో రైతుల కోసం సమాచార కేంద్రం పెడుతోంది. మార్కెట్ ధరలు, వాతావరణం నెట్‌లో చూసి చెప్పే మనిషి కావాలి. అక్కడి మనిషై ఉండాలి, ఇంటర్ చదివి ఉండాలి. స్వరూప ఇంటర్ పాసైంది. అయితే సంస్థ తరఫున చూసుకునే ప్రసాద్ సార్ శివరాత్రి దాటాక వచ్చి పరీక్ష పెడతానన్నాడు. ఆమె చేసి చూపిస్తే సరే, లేకపోతే ఇంకొకరిని తీసుకోక తప్పదని నిక్కచ్చిగా చెప్పాడు.

“అయితదా అక్కా? కాదంటే ఇప్పుడే చెప్పు. ఉత్తగ ఆశ పెట్టొద్దు,” అన్నాడు మల్లేశ్.

“నువ్వు జర ఊకో. నన్ను కూసోనియ్యి,” అంది స్వరూప.

మొదట అందరికీ నేర్పినట్టే మౌస్‌తో మొదలుపెట్టాను. ఎడమ మణికట్టు పక్కతో ఆమె మౌస్‌ను తోసేది. తెర మీది బాణం గుర్తు ఎక్కడికో వెళ్లిపోయేది. దాన్ని తిప్పలు పడి లింక్ మీదికి తెచ్చినా, వేలితో నొక్కబోతే మౌస్ జారేది. అరగంటకే ఆమె జాకెట్టు చెమటతో తడిసింది. మల్లేశ్ మొహం తిప్పుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

మౌస్‌ను తీసి మానిటర్ వెనక పెట్టేశాను. “చెల్లె, ఇది లేకుంటనే చూద్దాం,” అన్నాను.

కీబోర్డు మీద ట్యాబ్ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కిన కొద్దీ పేజీలో ఒక లింక్ నుంచి ఇంకో లింక్‌కు పోతాం. ఎంటర్ కొడితే ఆ లింక్ తెరుచుకుంటుంది. బ్యాక్‌స్పేస్ కొడితే వెనకటి పేజీ వస్తుంది. పొడుగాటి స్పేస్ బార్ కొడితే పేజీ కిందికి జరుగుతుంది. అన్నీ ఒక్క వేలి పనులే. స్వరూప మధ్యాహ్నం కల్లా ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి తిరగడం మొదలుపెట్టింది. లేచే ముందు భర్తను పిలిచి, ఒక పేజీ తెరిచి, మూసి చూపించింది.

ఆ తర్వాత రోజు విడిచి రోజు వచ్చేది. చిక్కంతా మార్కెట్ ధరల పేజీతో వచ్చింది. అందులో ఊళ్ల పేర్లు, పంటల పేర్లు వరసగా వందలున్నాయి. వరంగల్ మిర్చి దాకా పోవాలంటే ట్యాబ్ కొట్టి కొట్టి వేలు నొప్పి పుట్టేది. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వెతికే పెట్టె వస్తుంది. అందులో పేరు కొడితే బ్రౌజరే అక్కడికి తీసుకుపోతుంది. కానీ రెండు మీటలు ఒకేసారి నొక్కాలి. ఆమెకున్నది ఒక్క వేలు.

తెగిన చేతి కొసతో కంట్రోల్ అదిమి పట్టి చూసింది. రెండుసార్లు చేసి చేయి వెనక్కి తీసుకుంది.

“కాదక్కా. మంట లేస్తంది. తోలు ఇంకా లేతగనే ఉన్నది.”

ఆ చేతిని మళ్లీ కొంగు చాటున పెట్టుకుంది. అలాగే కూర్చుని చెప్పింది. “ఇంట్ల అందరు మంచోళ్లే అక్కా. మా అత్త అన్నం కలిపి పెడుతది. మా ఆయన తల దువ్వుతడు. గానీ ఏడాది సంది నాకు ఒక్కరు సుత పని చెప్పలేదు. నువ్వు కూసో, నువ్వు కూసో అంటరు. నేను ఎన్నడు గిట్ల కూసున్నదాన్ని గాదు.”

“రేపు మళ్ల రా,” అన్నాను.

మరునాడు తన పేరు ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరంతో కొట్టాలని స్వరూప పట్టుబట్టింది. దానికి షిఫ్ట్ మీట పట్టుకుని అక్షరం నొక్కాలి. ఆమె షిఫ్ట్ కొట్టి వేలు తీసి గబుక్కున అక్షరం మీదికి పోవాలని చూస్తోంది. చిన్న అక్షరమే వస్తోంది. కోపమొచ్చి షిఫ్ట్‌నే టకటకా కొట్టింది. కంప్యూటర్ కుయ్‌మంది. తెర మధ్యలో ఒక పెట్టె తెరుచుకుంది.

ఆ పెట్టె నాకు కొత్త కాదు. పిల్లలు గేములాడేటప్పుడు షిఫ్ట్ ఐదుసార్లు పడితే వచ్చేది. వచ్చినప్పుడల్లా క్యాన్సిల్ కొట్టేదాన్ని. అలవాటుగా చేయి చాపాను.

“ఆగక్కా. గండ్ల ఏమున్నదో సదువు,” అంది స్వరూప.

చదివాను. దాని పేరు స్టిక్కీ కీస్. షిఫ్ట్, కంట్రోల్ లాంటి మీటలు పట్టుకుని ఉండక్కర్లేదు, ఒకటి నొక్కి వదిలేసి తర్వాత రెండోది నొక్కినా కలిపి నొక్కినట్టే లెక్క అని ఉంది. రెండు చేతులా మీటలు పట్టలేనివాళ్ల కోసమే పెట్టారు. తెలుగులో చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు.

“ఓకే మీద ఎంటర్ కొట్టు. ఇప్పుడు కంట్రోల్ నొక్కి ఇడిసిపెట్టు. ఇగ ఎఫ్ నొక్కు.”

వెతికే పెట్టె వచ్చింది. స్వరూప దానివైపు చూసి, నావైపు చూసి, గట్టిగా నవ్వింది. పక్క కంప్యూటర్ల దగ్గరున్నవాళ్లు తలలు తిప్పారు.

ఇక ఆమెను ఆపడం కష్టమైంది. ఆల్ట్ నొక్కి వదిలి డి నొక్కితే అడ్రస్ బార్‌లోకి పోవడం, కంట్రోల్ తర్వాత డి నొక్కి పేజీని ఫేవరెట్స్‌లో దాచుకోవడం, వెతికిన పేరు దగ్గరి నుంచే ట్యాబ్ మొదలుపెట్టడం, అన్నీ పట్టుకుంది. శివరాత్రికి కాళేశ్వరం పోయే బస్సుల్లో కాలు పెట్టే సందు లేక రెండు మూడు రోజులు రాలేకపోయింది. వచ్చాక చూస్తే ఏదీ మరిచిపోలేదు.

పరీక్ష రోజు నన్నూ రమ్మంది. సెంటర్ మూసి మొగుళ్లపల్లి వెళ్లాను. కొత్తగా సున్నం వేసిన గది, ఒక కంప్యూటర్, గోడ పక్కన బెంచీ. మిర్చి ధర తెలుస్తుందేమోనని వచ్చిన ఒక ముసలి రైతు బెంచీ మీద కూర్చున్నాడు. ప్రసాద్ సార్ స్వరూపకు కుర్చీ జరిపి, “తొందరేం లేదమ్మా,” అన్నాడు.

ఆమె షిఫ్ట్ ఐదుసార్లు కొట్టింది. కుయ్‌మన్న శబ్దానికి సార్ ముందుకు వంగాడు. “పాడైందా?”

“లేదు సార్. నాకు తగ్గట్టు పెట్టుకుంటున్న.”

వరంగల్ మిర్చి ధర తెరిచి చదివింది. ముసలాయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత సార్ వాతావరణం చూడమన్నాడు. ఆ పేజీ మేం ఎప్పుడూ చూడనిది. మధ్యలో రాష్ట్రం పటం, దాని మీద జిల్లాలు కదిలే బొమ్మల్లా ఉన్నాయి. ట్యాబ్ ఆ బొమ్మలోకి పోవడం లేదు. స్వరూప ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ తెరిచింది. కాలేదు. నాకూ దారి తోచలేదు. సార్ గడియారం చూసుకున్నాడు.

స్వరూప వేలు కీబోర్డు మీది నుంచి తీసింది. “సార్, ఈ పేజీ మౌస్ లేకుంటే తెరుచుకోదు. నాతోని కాదు,” అంది. తర్వాత బెంచీ వైపు తిరిగింది. “బాపూ, జర ఇటు రా. గీ మౌస్ మీద చెయ్యి పెట్టు.”

“నేనా బిడ్డా? నాకేమొస్తది?”

“నేను చెప్త గద. మెల్లగ జరుపు. గా బాణం గుర్తు కనవడుతందా? ఇంకింత పైకి... ఎడమకు... మన వరంగల్ మీదికి వచ్చింది. ఇగ వేలుతోని ఒత్తు.”

ఆయన ఒత్తాడు. జిల్లా పేజీ తెరుచుకుంది. తనే తెరిచానని అర్థమయ్యాక ముసలాయన మౌస్ మీది నుంచి చేయి తీయలేదు.

“రెండు రోజులల్ల వాన పడొచ్చని ఉన్నది బాపూ. కల్లంల మిర్చి ఉన్నదా?”

“ఉన్నది బిడ్డా. పోయి టార్పాలిన్ పట్టాలు కప్పుత,” అని లేచి గబగబా వెళ్లిపోయాడు. వాన పడిందో లేదో నాకు గుర్తులేదు.

ప్రసాద్ సార్ స్వరూప వైపు తిరిగాడు. “ఇక్కడికి వచ్చేవాళ్లంతా కంప్యూటర్‌కు దూరంగా నిలబడి, ధర అడిగి పోతారనే అనుకున్నాను. సోమవారం నుంచి రా అమ్మా. మూడు నెలలు చూద్దాం,” అన్నాడు.

బయట నిలబడ్డ మల్లేశ్‌కు చెబితే, “నిజంగనా?” అని ఆమెనే మూడుసార్లు అడిగాడు.

ఆ కేంద్రం కొన్నేళ్లు నడిచింది. సెల్‌ఫోన్లు వచ్చి రైతులే ధరలు చూసుకోవడం మొదలయ్యాక మూతపడింది. స్వరూప కొన్నాళ్లు ఖాళీగా ఉంది. తర్వాత ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో చేరింది. ఇప్పటికీ అక్కడే చేస్తోంది.

నా సెంటర్ ఇప్పుడు ఆన్‌లైన్ సేవల దుకాణమైంది. ఆమెకు నేర్పాక నా నేర్పే పద్ధతి మారింది. కొత్తవాళ్లు వస్తే ముందు వాళ్ల చేతులు, కళ్లు చూస్తాను. ఏది పట్టగలరు, ఏ అక్షరం కనబడుతుంది, ఏది వాళ్లకు తేలిక అని అడుగుతాను. తెర మీద ఏ పెట్టె వచ్చినా చదవకుండా మూయను. తెలియనివాళ్ల పని మనం చేసిపెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, వాళ్లు రేపు మళ్లీ వస్తారు. వాళ్ల చేతికి అందే దారి ఒకటి దొరికేదాకా పక్కన కూర్చోవాలంటే ఓపిక కావాలి. మొన్న పక్షవాతంతో ఒక చేయి పడిపోయిన పెద్దాయన ఫోన్ నా ముందు పెట్టి, “నువ్వే ఒత్తు బిడ్డా,” అన్నాడు. ఫోన్‌ను బల్ల మీద పుస్తకానికి ఆనించి నిలబెట్టి, బాగున్న చేతికి అందేలా ఆయన ముందుకు జరిపాను.