మట్టికి ఎరువిచ్చిన తొక్కలు

బందరులో మా ఫ్లాట్ బాల్కనీలో కంపోస్టు డబ్బా మూత తీస్తే, మాగిన అరటితొక్కల వాసనకి నాగాయలంకలోని మా పెరడు గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఆరేళ్లు. అమ్మ పెరట్లో గొయ్యి తవ్వి, రోజూ కూరగాయల తొక్కలు నాచేత అందులో వేయించేది. ఎందుకని అడిగితే, "మట్టికి ఎరువురా" అంది.

ఎరువంటే నాకు తెలుసు. పక్కింటి మేరీ అత్తయ్య మా ఇడ్లీ పాత్ర అరువుకి పట్టుకెళ్లింది. "ఎరువు తీసుకెళ్లిన మనిషి తిరిగిచ్చే ఊసే ఎత్తదు" అని నానమ్మ రోజూ సణిగేది. అంటే మట్టి కూడా మా తొక్కలు తిరిగివ్వాలన్నమాట. నాకు నమ్మకం కుదరలేదు. బడి నుంచి రాగానే పుల్లతో గొయ్యి కెలికి చూసేవాణ్ణి. తొక్కలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. చివరికి నల్లటి పొడి మిగిలింది.

"నానమ్మా, మట్టి మన తొక్కలు ఎగ్గొట్టింది."

"ఇస్తుందిలే, ఆగు" అంది నానమ్మ.

ఆ పొడి వేసిన సొరపాదు విరగకాసింది. ఒక కాయ మేరీ అత్తయ్యకి ఇచ్చి రమ్మన్నారు. ఇష్టం లేకుండానే వెళ్లాను. ఆవిడ కాయ తీసుకుని, లోపలికెళ్లి, తళతళలాడేలా తోమిన ఇడ్లీ పాత్ర తెచ్చి నా చేతికిచ్చింది.

నేను ఆవిడ ఎదుటే మూత తీసి రేకులు లెక్కపెట్టాను. నాలుగూ ఉన్నాయి.

ఇప్పుడు మా అమ్మాయి కూడా పుల్లతో డబ్బా కెలుకుతుంది. వద్దనను. దాని దగ్గర మాత్రం కంపోస్టనే అంటాను.