కారు బాగానే నడుస్తోందన్నాను

మా సంఘంలో ఎవరు బండి కొన్నా ముందు చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు బయటికి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. కొన్నవాళ్ళు నాలుగు మాటలు కృతజ్ఞత చెప్పి, అందరికీ కేకు ముక్క పెడతారు. స్కూటర్ అయినా, సెకండ్‌హ్యాండ్ కారైనా ఇదే వరస.

ఆ ఆదివారం నా వంతు. మల్కాజ్‌గిరి నుంచి ఏళ్ళ తరబడి రైళ్ళూ బస్సులూ పట్టుకుని సికింద్రాబాద్ వచ్చి, బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. నా సొంత కారు చర్చి ఆవరణలో తెల్లగా మెరుస్తుంటే నాలుగు మాటలతో ఆగుతానా? పావుగంట మాట్లాడాను. దేవుడికి ఎన్ని మాటలు ఖర్చుపెట్టానో కారు అమ్మినాయనకూ అన్నే ఖర్చుపెట్టాను. ఆయనా మా సంఘంవాడే. మారేడ్‌పల్లిలో పాత కార్ల షోరూము నడిపేవాడు. ఈ రోజుల్లో ఇలాంటి నిజాయితీపరుడు దొరకడం ప్రార్థనకు ఫలమేనని అన్నాను. ఆయన రెండో వరసలో తలొంచుకుని విన్నాడు.

మర్నాడు ఫోన్ చేశాడు. "బ్రదర్, ఆ మాటలే ఓ కాగితం మీద రాసిస్తే షోరూములో పెట్టుకుంటానండి." మంచి కాగితం కొనుక్కొచ్చి, ఒక్క కొట్టివేత లేకుండా రాసిచ్చాను. ఆయన ఫ్రేమ్ కట్టించి తన కుర్చీ వెనక గోడకు తగిలించాడు. ఆ దారిన పోయినప్పుడు ఒకటి రెండుసార్లు లోపలికి వెళ్ళి చదువుకున్నాను కూడా. అంత సిగ్గులేనివాణ్ణి.

మూడు వారాలు తిరక్కుండానే కారు మొరాయించడం మొదలుపెట్టింది. లైట్లు వాటంతటవే ఆరిపోయేవి. ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. మా వీధి చివరి మెకానిక్ కింద పరిచిన కార్పెట్ లేపి, స్టెప్నీ టైరు తీసి నన్ను పిలిచాడు.

"సార్, గిది నీళ్ళల్ల మునిగిన బండి. పైన కడిగి అమ్మిండు. లోపల మట్టి సూడుండ్రి, అట్లనే ఉంది. వైరింగ్ మొత్తం ఖరాబైంది. ఇంజన్ సుత ఎక్కువ రోజులు నడ్వది."

వేలితో గీస్తే ఎండిన బురద రేకులుగా ఊడివచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బండి నడిపించుకుంటూ, తోయించుకుంటూ సరాసరి షోరూముకు పోయాను. ఆయన గొంతు పెంచలేదు. టీ తెప్పించాడు. "వేలంలో వచ్చిన బండ్లు బ్రదర్, నాకూ తెలీలేదు. అంతా కొత్తగా వేయించి ఇస్తాను. ఇది మన మధ్య మాట కదండీ, సంఘం దాకా ఎందుకు?" అన్నాడు. బండ్లు అన్నాడు, బండి అనలేదు. అంటే అలాంటివి ఇంకా ఉన్నాయి. అది నా చెవిన పడకపోలేదు. కానీ ఆయన తల వెనక నా ఉత్తరం కనబడుతోంది. అందరి ముందూ దేవుడికి చెప్పిన కృతజ్ఞతను ఏ ముఖం పెట్టుకుని వెనక్కి తీసుకోను? సరేనన్నాను. పది రోజుల్లో ఇంజనూ వైరింగూ మార్చి, కడిగి, తుడిచి ఇంటికి పంపించాడు. ఫ్రేమ్ తీసెయ్యమని నేను అడగలేదు.

తర్వాతి నెలలో ఒక ఆదివారం చర్చి మెట్ల మీద ఒక నర్సమ్మ నన్ను ఆపింది. ఆమెది మా సంఘమే. భర్తకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. వ్యాయామం చేయించడానికి వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆటోలోకి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కోసారి ఆటోవాళ్ళు ఆయన్ను చూసి ఆగకుండా పోయేవాళ్ళు.

"అన్నయ్యా, మీ కారు ఎలా ఉంది? మీరు ఆ రోజు చెప్పిన మాటలు విని, నేనూ ఆయన దగ్గరే తీసుకుందామనుకుంటున్నాను."

"బాగానే నడుస్తోందమ్మా," అన్నాను.

అది అబద్ధం కాదు. అప్పటికి బాగానే నడుస్తోంది. ఈ ముక్క పట్టుకుని నన్ను నేను ఎన్నాళ్ళు జోకొట్టుకున్నానో నాకే తెలుసు.

ఆమె ఆయన దగ్గరే కొన్న కారు వానాకాలంలో రైలు వంతెన కింద ఆగిపోయింది. లోపల భర్త, బయట మోకాలి లోతు నీళ్ళు. దారినపోయేవాళ్ళు తోసిపెట్టారు. షోరూమాయన దాన్ని రెండు రోజులు ఉంచుకుని, లోపల శుభ్రంగా తుడిచి, రిపేరు లేకుండానే తిరిగి ఇచ్చేశాడట. 'ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని కొన్నాను' అని ఆమె సంతకం చేసిన కాగితం చూపించాడట. నాకు టీ తెప్పించిన మనిషే.

ఆమె మా ఇంటికి వచ్చింది. చేతిసంచీలోంచి కాగితాలు తీసి వరసగా పరిచింది. "పాత బండైనా సరే, తెలిసిన లోపం దాచి అమ్మితే అడిగే హక్కు మనకుందట అన్నయ్యా. వినియోగదారుల ఫోరంలో లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చట. నా బండిలో మట్టి తుడిచేశారు. ఆయన దగ్గర కొన్న ఇంకో బండీ అలాంటిదేనని ఎవరైనా అఫిడవిట్ ఇస్తే నా మాట నిలబడుతుంది." అంతవరకు చెప్పి నా వైపు చూసింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి తనూ నా వైపే చూసింది.

"ప్రార్థన చేసి చెబుతానమ్మా," అన్నాను.

మావాళ్ళలో ఈ మాటకు తిరుగులేదు. అలా అన్నాక ఎవరూ మళ్ళీ అడగరు, తొందరపెట్టరు. ఆమె కూడా కాగితాలు సర్దుకుని, "అలాగే అన్నయ్యా" అని వెళ్ళిపోయింది. నేను ప్రార్థన చెయ్యలేదు. జవాబు ఏమొస్తుందో తెలిసి ఎవడు అడుగుతాడు?

కేసు ఏడాదికి పైగా నడిచింది. మా వీధి మెకానిక్ వచ్చి నా బండి గురించి తనకు తెలిసింది చెప్పాడట. అవతలి లాయరు నా ఉత్తరం జిరాక్సు పెట్టాడట. అదే బడిపంతులు, అదే సంఘం, అదే షోరూము, ఎంత తృప్తిగా రాశాడో చూడండని చదివి వినిపించాడట. లోపం దాచి అమ్మినట్టు రుజువు కాలేదని కేసు కొట్టేశారు. ఇదంతా అయ్యగారు చెబితే తెలిసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. అంతకంటే ఘనకార్యం ఏమీ చెయ్యలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక ఆమె గేటు దగ్గర భర్తను పట్టుకుని ఆటో కోసం నిలబడి ఉంది. రెండు ఆటోలు ఆగకుండా పోయాయి. ఇక ఉండలేక దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, నాదీ నీళ్ళలో మునిగిన బండే. నువ్వు అడిగిన రోజున నాకు తెలుసు. ఇప్పుడు రాసిస్తాను, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. "నాకూ తెలుసన్నయ్యా. మీ వీధి మెకానిక్ ముందే చెప్పాడు. తెలిసే మీ ఇంటికి వచ్చాను. మీరు ప్రార్థన చేస్తానన్నారు కదా, అని చూశాను." భర్త భుజం మీంచి జారిన తువ్వాలు సర్ది, "అప్పీలు గడువు కూడా అయిపోయింది," అంది.

కారు తెచ్చి గేటు ముందు ఆపాను. మూడో ఆటో కూడా పోయాక ఆమె ఒప్పుకుంది. ఇద్దరం కలిసి ఆయన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆయన బాగున్న ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని, వంకర తిరిగిన నోటితో "థాంక్స్" అన్నాడు.

తాళం తిప్పాను. బండి ఒక్కసారికే స్టార్ట్ అయింది.