అద్దం కుదరాలి

గల్ఫ్‌లో మా శుక్రవారం ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగితే ఒక మెకానిక్ అన్న లేచి, "అద్దం కుదరాలండి" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం.

ఇండస్ట్రియల్ ఏరియా షెడ్డులో అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, పాతకాలపు తీరులో టాప్ లేని కారు కట్టించుకుంటున్నాడు. ఇక పక్క అద్దాలే మిగిలాయి. అది పూర్తయితేనే అన్నకు ఊరెళ్ళే సెలవు. ఊళ్ళో కూతురి బాప్తిస్మం అతనికోసమే ఆగింది.

ఒకరోజు నేను వెళ్ళేసరికి, బానెట్ పక్కన గుండ్రటి అద్దాలు బిగించి సీట్లో కూర్చున్నాడు. "వెనక నిలబడు తమ్ముడూ. ఆ, చక్కగా కనబడుతున్నావు!"

తర్వాత కఫీల్ కూర్చున్నాడు. ఆయన పొడగరి. విండ్‌షీల్డ్ పై అంచు సరిగ్గా ఆయన కళ్ళకూ అద్దానికీ మధ్య అడ్డొచ్చింది.

"మాఫీ జేన్," బాగాలేదన్నాడు. "యల్లా, త్వరగా మార్చు."

అన్న తల పట్టుకున్నాడు. "నా ఎత్తుకు పెట్టుకున్నాను తమ్ముడూ."

మరుసటి శుక్రవారం లేచాడు. "అద్దం కుదిరిందండి. పాత రంధ్రాలు పూడ్చాను కదా, బండంతా మళ్ళీ రంగెయ్యమంటున్నాడు."

ఈసారి ఎవరమూ నవ్వలేదు. రంగు త్వరగా ఆరాలని మోకాళ్ళూని ప్రార్థించాం.