కాకి మెచ్చిన గుడ్డ గారె

మా ఆవిడ సరోజ మొదటి సంవత్సరీకం నాడు ఇంటినిండా చుట్టాలను డాబా ఎక్కించి, ఎండలో నిలబెట్టి, ఆకలితో మాడ్చి, పెద్దమనిషి చేత సిగరెట్లు మానేస్తానని మొక్కించిన ఘనుణ్ణి నేను. దానంతటికీ కారణం ఒక గారె. ఆ గారెను ఎవరూ వండలేదు. నేను కుట్టించాను.

అవును, కుట్టించాను. మీరు సరిగ్గానే చదివారు.

సరోజ పోయాక మా అమ్మాయి సుధ, రెండున్నరేళ్ల కూతురు మిన్నును వెంటబెట్టుకుని నరసరావుపేటలో నా దగ్గరే ఉంటోంది. మిన్నుకు ఎవరో ఆటవంటిల్లు కానుకగా ఇచ్చారు. గులాబీ రంగు పొయ్యి, చిన్న కుళాయి, గిన్నెలు, వాటితోపాటు ఒక సంచెడు ప్లాస్టిక్ తిండి. మిన్ను బ్రోకలీని చెట్టు అనుకుని రోజూ నీళ్లు పోసింది. పిజ్జా ముక్కతో విసురుకుంది. బర్గర్ మీద బొమ్మను కూర్చోబెట్టింది. ఏ ఒక్కదాన్నీ పొయ్యి మీద పెట్టలేదు.

అప్పుడు నాకొక సిద్ధాంతం పుట్టింది. పిల్ల తాను తినేదే వండాలి. నాబోటి పుస్తకాల మనిషికి సిద్ధాంతం పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు జాగ్రత్తపడాలి. సరోజ ఉంటే పడేది.

బజారుకెళ్లి బొమ్మల దుకాణంలో అడిగాను. "పిల్లల వంటింట్లోకి గారె ఉందా?"

"గారెలా? పక్క సందులో హోటలుంది చూడండి."

"తినే గారె కాదయ్యా. ఆడుకునే గారె."

దుకాణదారు నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "ఇంట్లో పెద్దోళ్లు ఎవరన్నా ఉన్నారా?" అన్నాడు.

ఇంట్లో పెద్దవాణ్ణి నేనేనని చెప్పుకోలేక బయటపడ్డాను. కాని పట్టు వదల్లేదు. తిన్నగా మా వీధి చివర దర్జీ మస్తాన్ దగ్గరికి వెళ్లాను.

"గారె కుట్టాలి మస్తాన్. గుడ్డతో. లోపల దూది పెట్టి."

మస్తాన్ మిషను ఆపాడు. ముప్పై రకాల జాకెట్లు అడిగించుకున్న మనిషి కాబట్టి తొణకలేదు. "ఆది తెచ్చావా బాబాయ్?"

"గారెకు ఆది ఏమిటి?"

"జాకెట్టుకైనా ఆది లేకుండా కుట్టనే. ఎంత లావు, చిల్లు ఎంత, ఏ రంగు, నాకేం తెలుసు? రేపు బాగలేదంటావు."

మర్నాడు హోటల్లో ఒక గారె కొని, కాగితంలో చుట్టి పట్టుకెళ్లాను. మస్తాన్ టేపు పెట్టి చుట్టూ కొలిచాడు. చిల్లు కొలిచాడు. రంగు గుడ్డ దగ్గర పెట్టి చూసుకున్నాడు. కొలతలన్నీ అయ్యాక ఆదిని తినేశాడు.

"ఉప్పు తక్కువైంది బాబాయ్" అన్నాడు.

కుట్టిన గారెను చూసి నేను గర్వపడ్డాను. ముదురు దారంతో అంచులు ఎర్రగా వేగినట్టు, అక్కడక్కడా మిరియాల్లా నల్లదారం ముడులు. మిన్ను ఆ రోజునుంచి బ్రోకలీకి నీళ్లు మానేసింది. పొద్దస్తమానం గారె వండటం, వండింది తీసుకెళ్లి అమ్మమ్మ ఫోటో ముందు పెట్టడం. "అమ్మమ్మా, తిను." సరోజకు గారెలంటే ప్రాణం. నా సిద్ధాంతం గెలిచిందని నేను ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను.

సంవత్సరీకం వచ్చింది. సరోజ అన్నగారు కోటయ్య బావ ఎడ్లపాడు నుంచి తెల్లారేసరికే దిగి, పెత్తనం చేతిలోకి తీసుకున్నాడు. పంతులుగారి తంతు అయ్యాక, పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి డాబా మీద పెట్టాలి. కాకి ముట్టాలి. ముడితే పోయినమనిషి తృప్తిపడినట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట్లో పెట్టుకోకూడదు.

సుధ గారెలు వేస్తోంది. నేను విస్తరి సర్దుతున్నాను. మిన్ను చిన్న పళ్లెంలో నెయ్యి కారుతున్న గారె తెచ్చి, "తాతా, అమ్మమ్మకి" అంది. వాళ్లమ్మ ఇచ్చి పంపిందనుకున్నాను. కుప్ప మీద అందంగా అమర్చి డాబా ఎక్కాను. నా సొంత సరుకును నేనే గుర్తుపట్టలేదు.

కాకులు వచ్చాయి. నీళ్ల ట్యాంకు మీద వరసగా కూర్చున్నాయి. విస్తరి వంక చూశాయి, మా వంక చూశాయి. ఒక్కటీ దిగలేదు.

కోటయ్య బావ "కావ్, కావ్" అని పిలిచాడు. ఉన్న కాకుల్లో రెండు లేచిపోయాయి.

"ఏందిది బావా? చెల్లికి ఏదో కోరిక మిగిలిపోయింది. నువ్వేమన్నా మాట తప్పావా?"

నమ్మకం సంగతి అలా ఉంచండి. ఆ విస్తరి ముందు నిలబడ్డప్పుడు, సరోజ నా మీద ఏ లోటుతో వెళ్లిపోయిందోనన్న భయం మాత్రం నిజం. వంటింటి అటక మీద నా పుస్తకాలు పేర్చానని ఆమె జీవితమంతా సణిగింది. చేతులు జోడించి పైకే అన్నాను. "సరోజా, అటక మీది పుస్తకాలు తీసేస్తాను."

కాకి కదల్లేదు.

సుధ కళ్లొత్తుకుంది. "అమ్మా, పాపను కసరను."

కదల్లేదు.

కోటయ్య బావ గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. "చెల్లెమ్మా, నీకు చానాసార్లు చెప్పి తప్పా. ఈ రోజుతో సిగరెట్లు బంద్."

అప్పటికీ కదల్లేదు. బావ మొహంలో కాస్త ఊరట కనబడింది.

అంతలో మిన్ను మెట్లెక్కి వచ్చింది. మోచేతులదాకా నెయ్యి. "నా గారె ఏదీ?"

"నీ గారె కింద ఉంటుందే, పో" అంది సుధ.

"కింద లేదు. అమ్మమ్మకి పెట్టా. నెయ్యిలో ముంచి పెట్టా."

వంగి విస్తట్లోకి చెయ్యి చాపాను.

"ఆగు! పెట్టిన విస్తట్లో చెయ్యి పెడతావేంది?" బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ పైన ఉన్నది... గుడ్డ గారె, బావా."

డాబా మీద అందరూ ఒక్కసారిగా మాట్లాడారు.

"గుడ్డదా? మా చెల్లికి ఏడాదినాడు గుడ్డ గారె పెట్టావా?"

"చూసుకోలేదు."

"దూది కూరి పెట్టావా! పోయినమనిషికే ఇట్టా పెడితే, బతికున్నప్పుడు ఏం పెట్టావో!"

"మామయ్యా, గమ్మునుండు, కాకులు బెదురుతాయి" అని సుధ బతిమాలుతోంది. ఆ గొడవలో మేమందరం విస్తరికి దూరం జరిగామని ఎవరికీ తెలియలేదు.

రెక్కల చప్పుడయింది. పెద్ద కాకి ఒకటి విస్తరి అంచున వాలింది. మెడ వంచి చూసింది. వేడి వేడి గారెలను దాటింది. పప్పును దాటింది, పాయసాన్ని దాటింది. కుప్ప మీది గుడ్డ గారెను ముక్కున కరచుకుని, చిల్లు చక్కగా వాటంగా దొరకడంతో, సెల్ టవర్ మీదికి ఎగిరిపోయింది. మిగతా కాకులు కిందికి దిగి అసలు గారెల పని పట్టాయి.

మిన్ను చప్పట్లు కొట్టింది. "అమ్మమ్మ తీసుకుంది! నా గారె తీసుకుంది!"

కోటయ్య బావ చాలాసేపు టవర్ వంక చూశాడు. "సరేలే, ముట్టింది గదా" అని జేబులోంచి సిగరెట్టు తీశాడు.

"మామయ్యా, మొక్కుకున్నావు!"

"నేను మొక్కినప్పుడు కాకి వచ్చిందా? రాలేదు. ఆ మొక్కు చెల్లదు." ఆ న్యాయం నాకు నచ్చింది. నా పుస్తకాలు అటక మీదే ఉన్నాయి.

అందరం కడుపునిండా తిన్నాం. నేను మాత్రం వేరే ఆనందంలో ఉన్నాను. కాపురం చేసినన్నాళ్లూ నేను తెచ్చిన సరుకును సరోజ ఒక్కసారీ మెచ్చుకోలేదు. వంకాయలు తెస్తే పుచ్చులు. గోంగూర తెస్తే ముదురు. చీర తెస్తే రంగు. ఆ రోజు అంత వడ్డనలో, కూతురు వండినదాన్ని కాదని, నేను ఎంచి తెచ్చినదాన్నే పట్టుకుపోయింది. ఇంకెవరు ఏమన్నా నాకు లెక్కలేదు.

అయినా, పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట విస్తట్లో పెట్టే ప్రతి గారెనూ పరీక్షించి పెడతాను. కొరికి చూస్తే ఎంగిలవుతుంది కాబట్టి నొక్కి చూసి పెడతాను. మిన్ను పళ్లెంలో తెచ్చి "అమ్మమ్మకి" అన్నదాన్ని మాత్రం నొక్కి చూడను.