మళ్ళీ వచ్చినవాళ్ళు

పడమటి టెక్సాస్‌లో మా ఊరి పిల్లల కోర్టుకి జడ్జీని నేను. వకీలుగా రిటైరయ్యాక మంగళవారం సాయంత్రాలు నల్లగౌను తొడుక్కుని బల్ల వెనక కూర్చుంటున్నాను. నిజానికి అక్కడ నాకు పనేం లేదు. కోర్టు నడిపేది నడీన్ ప్రూయిట్. అంతకుముందు స్కూలు బస్సు నడిపేది. ఇప్పటికీ ఆవిడ గొంతెత్తితే నేను కూడా సర్దుకుని కూర్చుంటాను.

మా దగ్గర తప్పు చేసిన పిల్లలకి శిక్ష వేసేది పిల్లలే. శిక్షలో భాగంగా వాళ్ళూ తర్వాత కొన్నాళ్ళు జ్యూరీలో కూర్చోవాలి. గడువు తీరాక కూడా వస్తూనే ఉంటారు. న్యాయం మీద ప్రేమతోనని నడీన్ నమ్మకం. ఆవిడ గిన్నెనిండా వండి తెచ్చే చిల్లీ మాంసం కూర కోసమని నా అనుమానం.

ఆ మంగళవారం, రోడ్డు మీది స్టాప్ బోర్డు పీక్కెళ్ళి గదిలో తగిలించుకున్న కుర్రాడి కేసు. లిప్‌స్టిక్‌లు కొట్టేసి నిరుడు ఇదే బోనెక్కిన జోలీన్ ఇప్పుడు జ్యూరీలో ఉంది. వాడి క్షమాపణ ఉత్తరం చదివి మొహం చిట్లించింది.

"'సారీ, కానీ' ఏంటి? ఆ 'కానీ' నుంచి కిందదాకా కొట్టెయ్యి."

"కొట్టేస్తే ఇంకేం మిగల్దు."

"మిగిలిందే ఇవ్వు."

వెనక బెంచీలో కెండ్రా అనే అమ్మాయి ఇదంతా చూస్తోంది. ఈ కోర్టు వల్ల పిల్లలు బాగుపడుతున్నారో లేదో తేల్చమని మా కౌంటీ, అంటే జిల్లా ఆఫీసువాళ్ళు, ఆమెని యూనివర్సిటీ నుంచి రప్పించారు. బాగుపడట్లేదని తేలితే కోర్టు మూసేస్తారు. ఆ భయంతో నడీన్ పొద్దున్నుంచీ ముద్ద ముట్టలేదు. మీ పిల్లల్లో మళ్ళీ వచ్చినవాళ్ళెందరని కెండ్రా ముందే ఫోన్లో అడిగితే, దాదాపు అందరూ వచ్చారని గర్వంగా చెప్పింది కూడా.

కోర్టు ముగిశాక కెండ్రా దగ్గరికొచ్చింది.

"మేడమ్, ఇంత ఘోరమైన జవాబు నాకింకే ఊళ్ళోనూ రాలేదు."

"ఘోరమేంటమ్మాయ్? అదుగో, గిన్నె చుట్టూ మూగినవాళ్ళంతా వచ్చినవాళ్ళేగా."

కెండ్రా అటు చూసింది. జోలీన్ రెండోసారి వడ్డించుకుంటోంది.

"నేనడిగింది మళ్ళీ తప్పు చేసి వచ్చినవాళ్ళ గురించండీ."

"అలా ఎవరూ రాలేదు. ఆ ముక్క ముందే ఏడవచ్చుగా."

నాకు నవ్వాగలేదు. గౌను తీసేశాను కాబట్టి నవ్వాను. కెండ్రా కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"అయితే మీ కోర్టుకి ఢోకా లేదు. ఇంతకీ అసలు మొహం చూపించనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నడీన్ గిన్నె మీద మూత పెట్టింది.

"ఒక్కడు. టోబిన్. జ్యూరీ గడువు అయిపోయాక మళ్ళీ ఇటు రాలేదు. ఇప్పుడు పక్క రాష్ట్రం న్యూమెక్సికోలో ఉన్నాడు. జైల్లో, పెద్దవాళ్ళ జైల్లో."

కెండ్రా తన కాగితాలు ఓసారి తిరగేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మేం చూసేది ఈ కౌంటీలోనే మేడమ్. ఇక్కడ మళ్ళీ తప్పు చెయ్యకపోతే బాగుపడ్డట్టే లెక్క. అతను కూడా."

"వాణ్ణి ఆ బాగుపడ్డవాళ్ళ లెక్కలోంచి తీసెయ్."

"తీసేస్తే మీకే నష్టం. కోర్టు మూసెయ్యడానికి కౌంటీవాళ్ళకి సాకుగా ఆ ఒక్కడు చాలు."

నడీన్ కుర్చీలో కూలబడింది. నాకు చాలా బాధేసింది. పక్కనే ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నెలకోసారి వాణ్ణి చూడ్డానికి వెళ్తుంటానమ్మాయ్," అంది నడీన్. "నువ్వు బాగుపడ్డావని రాయించానని చెప్పి వాడి ఎదురుగా ఎలా కూర్చోను?"