మామగారి పేరున్న నీళ్లు

సయ్‌కల్ డాక్టరేట్ పుచ్చుకున్న పండితురాలు. బడి మానేసిన పెద్దవాళ్లు గొర్రెలు కాస్తూ, గుర్రాల పాలు పితుకుతూ ఫోన్‌లో పాఠాలు వింటే అవి బుర్రకెక్కుతాయా లేదా అన్నది ఆమె పరిశోధన. ఆ మహత్కార్యంలో ఆమె యౌవనమూ, మంచి బూట్లూ, భర్తగారి ఓపికా అరిగిపోయాయి. ప్రభుత్వ నిధి ఆగితే పాఠాలూ ఆగుతాయి. ఆపాలో వద్దో తేల్చడానికి రాజధాని బిష్కేక్ నుంచి ఒక సంఘం నారిన్ ఊళ్లో దిగింది. ఆ పాఠాలు విన్నవాళ్లలో ఒకరిని పిలిచి ప్రశ్నలడుగుతారట.

చీటీ తీస్తే జూరాకన్ పేరు వచ్చింది. సయ్‌కల్‌కు స్వయానా తోడికోడలు. ఆ లోయలో ఆమెకు చుట్టం కానివాళ్లు దొరకడం మరో పరిశోధన.

"గొంతు తడారిపోతోందే చెల్లీ," అంది జూరాకన్ వసారాలో.

"మీ ఆయన్ని దబాయించినట్టు దబాయించెయ్ అక్కా. నీకన్నీ వచ్చు."

నిజంగానే వచ్చు. ఊరి మంచినీళ్ల పాఠాల్లోంచి అడిగారు. గొట్టంలో నీళ్లు గడ్డకడితే ఏం చేయాలో, నీళ్లలో మందు ఎంత కలపాలో జూరాకన్ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సంఘం అధ్యక్షుడు తోక్తోసున్‌గారి ముఖం కూడా కాస్త కరిగింది. తరువాతి ప్రశ్న ఆయనే వేశారు.

"నేలలోంచి నీరు దానంతటదే పైకొచ్చే చోటును ఏమంటారమ్మా?"

జూరాకన్ తలగుడ్డ ముందుకు లాక్కుంది. "అదేనండీ... ఉబికేది."

"పేరు?"

"గలగలమనేది."

"పేరమ్మా, పేరు!"

ఊటను అక్కడ బులాక్ అంటారు. పోయిన మామగారి పేరూ అదే. మట్టిలో కలిసినా మామగారు మామగారే, కోడలి నోట ఆ పేరు రాకూడదు.

"అది మా మామగారి పేరండీ," అంది సయ్‌కల్, లేచి నిలబడి.

"మా ఆవిడా మా నాన్న పేరెత్తదు డాక్టర్‌గారూ. కానీ ఆవిడ నీళ్ల మీద పాఠాలు రాయలేదుగా! మీ పాఠాలన్నీ విన్నాను. ఉబికే చోటు, ఊరే చోటు, చల్లని చోటు... అసలు మాట ఒక్కచోటా లేదే! ప్రభుత్వం దేనికి ఖర్చు పెట్టినట్టు?"

సయ్‌కల్ ఆ పాఠాలన్నీ మనసులో తిరగేసింది. ఆ పాఠాలు తనే రాసింది, తన గొంతుతోనే చదివింది. పెద్దల చదువుకు అడ్డుపడేవేమిటో ప్రపంచమంతా వెతికి గ్రంథం రాసిన మనిషికి, తన నాలుక ఎక్కడెక్కడ పక్కకు తప్పుకుందో తెలియనే లేదు.

తోక్తోసున్‌గారు కలం మూత తీశారు.

"బులాక్!" అని అరిచింది సయ్‌కల్.

జూరాకన్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"పరీక్షలో పక్కనుంచి అందించడం నిషిద్ధం," అన్నారు తోక్తోసున్‌గారు, ఎంతో విచారంగా. "ఇక ఈ పరీక్ష చెల్లదు. నిధి కొనసాగించడానికి మాకు ఆధారమేమీ లేదు."

బయట మంచు కరిగి వీధంతా బురదగా ఉంది. ఇద్దరూ బస్సు ఆగే చోటికి నడిచారు.

"తొందరపడ్డావే," అంది జూరాకన్. "మామయ్యా, తప్పు కాయి అని లోపల దండం పెట్టుకుంటున్నా. నాలుక చివరిదాకా వచ్చింది."

"నిజంగా అనేదానివా అక్కా?"

"ఇప్పుడెట్టా తెలుస్తుంది?" జూరాకన్ బూటుకంటిన బురద గోడకు రాసింది. "సరేలే. వచ్చే వారం పాఠం దేని మీద?"

సయ్‌కల్ బస్సు వస్తోందేమో చూస్తున్నట్టు అటు తిరిగింది.