ఎవరి సరే

నరసరావుపేటలో మోటారు వైండింగ్ చేసే జానీ కూతురు ఖదీజా భౌతికశాస్త్రంలో డిగ్రీ చదివింది. నూజెండ్ల దగ్గర ఒక రైతు సంఘం మందు కొట్టే డ్రోన్లు రెండు కొన్నప్పుడు, వాటిని నడిపేవాళ్ళకు వాకీటాకీ సెట్టులో దారి చెప్పే పనిలో చేరింది. “ఎగరేసేది వాళ్ళయితే నువ్వు చేసేదేంది?” అన్నాడు తండ్రి. అవి గుద్దుకోకుండా చూడటమేనంది.

శిక్షణలో ఆమెకు బాగా పట్టిన నియమం ఒకటుంది. విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ ఏమన్నా, పైలట్ తన విమానం పేరుతో సహా ఆ మాటనే తిరిగి చెప్పాలి. చెప్పకపోతే ఒకరికిచ్చిన అనుమతిని మరొకరు అందుకోవచ్చు. విమానాలు గాలిలోనే ఢీకొనవచ్చు.

మొదటి రోజు ఈ సంగతి చెప్పి మనమూ అట్లాగే చేద్దామంటే, ఒక డ్రోను నడిపే యల్లమందకు ఒళ్ళు మండింది. ట్రాక్టరు తోలి తల నెరిసిన మనిషి. “ఎదుటోళ్ళ మాట మళ్ళీ అంటే మావైపు ఎక్కిరించినట్టు అమ్మాయ్. చిన్నప్పుడు అట్టా అంటే మా నాయన వీపు పగలగొట్టేవోడు. సరే అంటా, చాలదా?” రెండో డ్రోను నడిపే ప్రవీణ్ కుమార్ నవ్వాడు. పెద్దాయనతో వాదించలేక ఖదీజా ఊరుకుంది. అప్పటినుంచి సరే అంటే చాలు.

ఆ రోజు మిరపచేలో జామాయిల్ చెట్ల వరుసకు చెరోవైపున ఇద్దరూ ఉన్నారు. ఒకరికొకరు కనబడరు. ఖదీజా ప్రవీణ్‌కు దగ్గరలో ట్రాక్టరు ట్రక్కు మీద నిలబడి, “బాబాయ్, మీరు లేపొద్దు. ప్రవీణ్, నీది చెట్ల మీదుగా అటు దాటించుకో,” అంది.

“సరే,” అని ఒక్కసారే వినబడింది. ఇద్దరూ ఒకేసారి అని ఉంటారనుకుంది. మరుక్షణమే చెట్ల వెనకనుంచి యల్లమంద డ్రోను పైకి లేచింది. ఆమె అరిచేలోపే రెండూ తగులుకుని చేలో పడ్డాయి. కూలీలు గట్టు మీద ఉండబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

“లేపనా అనడిగా. సరే అని వచ్చింది, లేపా,” అన్నాడు యల్లమంద.

“ఆ సరే నాది బాబాయ్. అక్క దాటించమంటే అన్నా,” అన్నాడు ప్రవీణ్.

“మరి మిమ్మల్ని లేపొద్దన్నా గదా!” అంది ఖదీజా.

“ఎప్పుడన్నావ్? నాకేం వినపళ్ళా.”

చప్పుడుకు వచ్చిన సంఘం అధ్యక్షురాలు హైమావతి ముగ్గురి మొహాలూ చూసింది. “అందరూ నిజమే చెబితే అయ్యి వాటంతటయ్యే గుద్దుకున్నయ్యా? ఏమే ఖదీజా, డ్రోన్లు బాగై వచ్చినాక సెట్టు నీ చేతికియ్యాలా, వద్దా?”

ఖదీజా అన్నది నిజం. వాళ్ళు చెప్పేదీ అబద్ధంలా లేదు. చేతిలోని సెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి యల్లమందను తన సెట్టు బటన్ నొక్కి పట్టమని, తాను అవతలికి వెళ్ళి తన సెట్టులో మాట్లాడింది. ఆయన సెట్టు మూగగా ఉండిపోయింది. నొక్కి ఉన్నంతసేపూ అది పంపుతుందే గాని వినదు. ఇద్దరూ ఒకేసారి నొక్కారు. ఆయన అడిగింది ఆమెకు చేరలేదు, ఆమె వద్దన్నది ఆయనకు చేరలేదు. ప్రవీణ్‌కు మాత్రం దగ్గరలో ఉన్న ఆమె మాటే వినబడింది. ప్రవీణ్ అన్న ఒక్క సరేను ఎవరికి వారు తమ మాటకే అనుకున్నారు.

“ఒక్క సరే వచ్చినప్పుడు అది ఎవరిదని నేనడగాల్సింది,” అంది హైమావతితో. “ఇకనుంచి పేరుతో మాట తిరిగి చెప్పనోళ్ళకి దారి చెప్పను. అట్టయితేనే సెట్టు ఇయ్యండి.”

హైమావతి యల్లమంద వైపు చూసింది. ఆయన తలగుడ్డ విప్పి దులుపుకున్నాడు.

డ్రోన్లు బాగై వచ్చిన రోజున సెట్టు ఖదీజా చేతిలోనే ఉంది. “బాబాయ్, ప్రవీణ్ దిగేదాకా లేపొద్దు,” అంది. సెట్టు బరబరమంది.

“యల్లమంద. ప్రవీణ్ దిగేదాకా లేపను,” అని వచ్చింది, అచ్చం ఆమె యాసలోనే. ఎక్కిరించాడో, మాట విన్నాడో ఆమెకు అంతుపట్టలేదు. జామాయిల్ చెట్ల పైకి చూసింది. అక్కడ ఏదీ లేవలేదు.